పాత ట్యాంకు ఫొటోలో ఆ జెండా ఎవరిది? స్పెయిన్ అంతర్యుద్ధం ఫొటోలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత యుద్ధాల ఫొటోలు సేకరించేవారు నాకు పంపే సందేహాల్లో సగానికి పైగా 1936–1939 నాటి స్పెయిన్ అంతర్యుద్ధం దగ్గరికే వచ్చి ఆగుతాయి. కారణం ఉంది. అక్కడ ఒక పక్షం రిపబ్లిక్ ప్రభుత్వం, రెండోది దాని మీద తిరగబడిన జనరల్ ఫ్రాంకో సైన్యం. రెండు పక్షాలూ ఒకే రకం ట్యాంకును నడిపాయి. ఆ రెండు పక్షాల జెండాలూ నలుపు తెలుపు ఫొటోలో కవల పిల్లల్లా కనిపిస్తాయి. మళ్లీ మళ్లీ వచ్చే ఆ ప్రశ్నలను ఒక చోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదివినా అర్థం కావాలని కొన్ని సంగతులు రెండు మూడు చోట్ల చెప్పాను.

## ఫొటో చేతికి వచ్చిన కొత్తలో

ముందు జెండా చూడాలా, ట్యాంకు చూడాలా?

ట్యాంకునే చూడండి. జెండాను ఎవరైనా, ఎప్పుడైనా కట్టవచ్చు. ట్యాంకు మాత్రం ఫలానా సంవత్సరానికి ముందు పుట్టి ఉండదు, ఫలానా దేశాలకు తప్ప వెళ్లి ఉండదు. స్పెయిన్ ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది సోవియట్ టీ-26. గుండ్రటి టరెట్ (ట్యాంకు పైన ఫిరంగితో సహా తిరిగే గోపురం), సన్నటి 45 మిల్లీమీటర్ల ఫిరంగి, ఒక్కో పక్క ఎనిమిది చిన్న చక్రాలు దాని పోలికలు. అదే టరెట్ ఉండి, చక్రాలు నాలుగే ఉండి అవి పెద్దవిగా ఉంటే అది బీటీ-5. ఫిరంగి లేకుండా టరెట్‌కు రెండు మెషిన్‌గన్లు మాత్రమే ఉంటే జర్మన్ పాంజర్-1. అసలు టరెటే లేకుండా నడుము ఎత్తున పెట్టెలా ఉంటే ఇటలీ వారి సీవీ-33 లేదా సీవీ-35.

ట్యాంకు పేరు తెలిసినంత మాత్రాన అది ఎవరి చేతిలో ఉందో తెలిసినట్టు కాదు. ఆ పని జెండాది.

ఫొటో వెనక స్పానిష్‌లో ఏదో రాసి ఉంది. నమ్మవచ్చా?

ఏమి రాసి ఉందో చదివే ముందు దేనితో రాశారో చూడండి. బాల్‌పాయింట్ పెన్నులు జనం చేతుల్లోకి వచ్చింది 1945 తర్వాతే. కాబట్టి బాల్‌పాయింట్‌తో ఉన్న రాత యుద్ధకాలం నాటిది కాదు, తర్వాత ఎవరో జ్ఞాపకం మీద రాసినది. పెన్సిల్ రాత, సిరా రాత, ఫొటో ఏజెన్సీ రబ్బరు ముద్ర ఉంటే విలువ ఎక్కువ. అయినా అవి కూడా ప్రమాణ పత్రాలేమీ కావు. శత్రువు ట్యాంకు చిక్కిందని చెప్పుకోవడం రెండు పక్షాలకూ ప్రచారంలో భాగమే. నేనైతే వెనక రాతను ఒక సాక్షి మాటగా తీసుకుంటాను. ఫొటోలో కనిపించేదానితో అది పొసగకపోతే ఫొటో పక్షమే వహిస్తాను.

స్కాన్ ఎలా చేస్తే మంచిది?

అంగుళానికి 1200 చుక్కల నాణ్యతతో, ముందూ వెనకా రెండూ చేయండి. నలుపు తెలుపు ఫొటోనే అయినా రంగుల స్కాన్ పెట్టండి, మరకలు వేరుగా తెలుస్తాయి. స్కానర్ తనంతట తాను వెలుగునీడలు సరిదిద్దే సదుపాయాన్ని ఆపేయండి. జెండా పట్టీల మధ్య ఉండే కొద్దిపాటి ఛాయాభేదాన్ని మొదట మింగేసేది అదే.

కంప్యూటర్‌లో కృత్రిమ మేధతో రంగులు వేయించాను. జెండా ఎరుపు, పసుపు, ఎరుపు అని వచ్చింది. ఇక తేలినట్టేనా?

తేలలేదు. దయచేసి ఆ బొమ్మను ఆధారంగా ఎవరికీ పంపకండి. ఆ ప్రోగ్రామ్ ఫొటోలో లేని రంగును బయటికి తీయదు. తాను నేర్చుకున్న వేల బొమ్మల్లో ఇలాంటి చోట ఏ రంగు ఎక్కువగా ఉందో దాన్ని పులుముతుంది. నేటి స్పెయిన్ జెండా ఎరుపు, పసుపు, ఎరుపు కాబట్టి అది అటే మొగ్గడంలో వింత లేదు. ఇలా రంగులద్దిన ఫొటోలు చేతులు మారి, కొంతకాలానికి అసలు రంగుల ఫొటోలుగా చలామణి కావడం చూస్తుంటే బాధగా ఉంటుంది. రిపబ్లిక్ కోసం ప్రాణమిచ్చిన ట్యాంకు సిబ్బందికి ఫ్రాంకో జెండా కట్టబెట్టడం చిన్న పొరపాటు కాదు.

ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడిందని అనుమానంగా ఉంది. ఎలా తెలుస్తుంది?

నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. టీ-26లో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు, టరెట్ ఎడమ పక్కకు జరిగి ఉంటుంది. అంటే ట్యాంకుకు ఎదురుగా నిలబడి చూసేవారికి డ్రైవరు మూత ఎడమ చేతి వైపు ఉండాలి. కుడి చేతి వైపు ఉంటే ఫొటో తిరగబడినట్టే. అక్షరాలో అంకెలో ఉంటే పని ఇంకా సులువు.

అడ్డపట్టీల జెండాకు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. నిలువుపట్టీల జెండా అయితే వరుస తారుమారవుతుంది కాబట్టి ముందు దీన్ని తేల్చుకోవాలి.

## రంగులు లేని చోట రంగులు వెతకడం

ఎరుపు కొన్ని ఫొటోల్లో నల్లగా, కొన్నిటిలో బూడిద రంగులో ఎందుకు కనిపిస్తుంది?

ఫిల్ములో తేడా. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు, అందుకే ఎర్రటి వస్తువు దాదాపు నల్లగా పడుతుంది. పాన్‌క్రొమాటిక్ ఫిల్ముకు అన్ని రంగులూ అందుతాయి, ఎరుపు మధ్యరకం బూడిద అవుతుంది. 1930లలో రెండూ వాడుకలో ఉన్నాయి.

ఇది చదివితే పట్టుబడదు, చేసి చూడాలి. ఒక కుంకుమ రంగు రిబ్బను, ఒక పసుపు గుడ్డ, ఒక వంకాయరంగు జాకెట్టు ముక్క పక్కపక్కన పరిచి ఫోనుతో ఫొటో తీయండి. దాన్ని నలుపు తెలుపు చేసి, ఒక్కో రంగు ఫిల్టర్ మార్చి చూడండి. ఆకుపచ్చ ఫిల్టర్‌లో ఎరుపు నల్లబడి పసుపు వెలుగుతుంది. నీలంలో పసుపు కూడా నల్లబడుతుంది, వంకాయరంగు మాత్రం కాస్త తేలికపడుతుంది. ఎర్ర ఫిల్టర్‌లో ఎర్ర రిబ్బను తెల్లగుడ్డలా మారిపోతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నేను అంతవరకు వేసిన అంచనాలన్నీ పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను. నలుపు కనిపిస్తే నలుపని, తెలుపు కనిపిస్తే తెలుపని అనుకునే అలవాటు ఆ మూడు గుడ్డముక్కలతో పోతుంది.

మూడు అడ్డపట్టీలు ఉన్నాయి, మధ్యది తెల్లగా, పైనా కిందా నల్లగా. ఇది రిపబ్లిక్ జెండానా, ఫ్రాంకో జెండానా?

నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది. ఛాయను నమ్మకండి, వెడల్పును కొలవండి.

1931లో వచ్చిన రిపబ్లిక్ జెండాలో ఎరుపు, పసుపు, ఊదా పట్టీలు మూడూ సమానం. ఫ్రాంకో పక్షం 1936 ఆగస్టు చివరిలో తిరిగి తెచ్చుకున్న రాజరికం నాటి పాత జెండాలో ఎరుపు, పసుపు, ఎరుపు. అందులో పసుపు పట్టీ ఒక్కటే మిగతా రెండిటినీ కలిపినంత వెడల్పు. అంటే జెండా ఎత్తును నాలుగు భాగాలు చేస్తే మధ్య రెండు భాగాలూ పసుపువే. స్కాన్‌ను పెద్దది చేసి, స్కేలు పెట్టి మూడు పట్టీలనూ కొలవండి. మధ్య పట్టీ మొత్తంలో సగం ఉంటే ఫ్రాంకో వైపు, మూడో వంతు ఉంటే రిపబ్లిక్ వైపు మొగ్గాలి.

రెండో పరీక్ష: పై పట్టీని, కింది పట్టీని పక్కపక్కన పెట్టి పోల్చండి. ఎరుపు, పసుపు, ఎరుపు అయితే ఏ ఫిల్ము అయినా ఆ రెండు పట్టీలూ ఒకే ఛాయలో పడాలి. ఊదా, ఎరుపు వేర్వేరు రంగులు కాబట్టి రిపబ్లిక్ జెండాలో సాధారణంగా ఎంతో కొంత తేడా వస్తుంది. ఏది ముదురు, ఏది లేత అన్నది ఫిల్మును బట్టి మారుతుంది. అందుకని తేడా ఉందా లేదా అన్నది మాత్రమే చూడండి. నీడ, దుమ్ము, వెలిసిపోవడం ఈ పరీక్షను పాడుచేస్తాయి. వెడల్పు అంత తొందరగా మోసం చేయదు.

ఒక్క జాగ్రత్త. బ్రష్షు పట్టుకుని హడావిడిగా టరెట్ మీద జెండా వేసిన సైనికుడు కొలతలు చూసుకుని వేయలేదు. సగానికీ మూడో వంతుకూ మధ్యలో ఎక్కడో వస్తే ఆ ఫొటో మీద తీర్పు ఆపండి.

జెండా గాలికి ముడుచుకుని ఉంది. ఎక్కడ కొలవాలి?

కర్రకు కట్టిన అంచు దగ్గర. అక్కడ గుడ్డ బిగుతుగా ఉంటుంది, మడతలు తక్కువ. రెపరెపలాడే అంచు దగ్గర తీసిన కొలత పనికిరాదు.

మధ్య పట్టీలో కిరీటం ఉన్న డాలు కనిపిస్తోంది. కిరీటం ఉంటే రాజు పక్షమే కదా?

కాదు, ఇక్కడ చాలామంది జారిపడతారు. రిపబ్లిక్ చిహ్నం మీద కూడా కిరీటం లాంటిది ఉంటుంది, కానీ అది రాజుది కాదు. కోటగోడ బురుజుల ఆకారంలో ఉండే కిరీటం. అంతకంటే తికమక పెట్టే సంగతి, 1936 నుంచి 1938 ఆరంభం వరకు ఫ్రాంకో పక్షం కూడా ఎరుపు పసుపు జెండా మీద ఆ రిపబ్లిక్ చిహ్నాన్నే వాడింది. 1938లో డాలును పట్టుకున్న గద్ద వచ్చాకే వారి చిహ్నం వేరయింది. కాబట్టి గద్ద కనిపిస్తే ఫ్రాంకో పక్షమని, 1938 లేదా తర్వాతి ఫొటో అని ధైర్యంగా చెప్పవచ్చు. డాలు ఒక్కటే ఉంటే దాని వల్ల ఏదీ తేలదు.

## ట్యాంకు మీద మిగతా గుర్తులు

టీ-26 సోవియట్ ట్యాంకు. సోవియట్లు సాయపడింది రిపబ్లిక్‌కు. మరి దాని మీద ఫ్రాంకో జెండా ఏమిటి?

పట్టుబడిన ట్యాంకు. టీ-26లు 1936 అక్టోబరులో కార్తహేనా రేవులో దిగాయి. అక్టోబరు 29న మాడ్రిడ్‌కు దక్షిణాన ఉన్న సెసెన్యా ఊరి వీధుల్లో మొదటిసారి పోరాడాయి. యుద్ధం ముగిసేలోగా సుమారు 280 టీ-26లు, 50 బీటీ-5లు స్పెయిన్ చేరాయి. ఫ్రాంకోకు జర్మనీ పంపిన పాంజర్-1లకు మెషిన్‌గన్లు తప్ప ఫిరంగి లేదు. ఎదుటివాడి 45 మిల్లీమీటర్ల ఫిరంగి ముందు అవి నిలవలేకపోయాయి. అందుకే దెబ్బతిని వదిలేసిన ప్రతి టీ-26నూ ఫ్రాంకో సైన్యం లాక్కెళ్లి, బాగుచేసి, తన పేరు రాసుకుంది.

సమస్య అక్కడితో ఆగలేదు. ఆకారం చూడగానే సొంతవాళ్లే శత్రువనుకుని కాల్చే ప్రమాదం వచ్చింది. కాబట్టి పట్టుబడిన టీ-26ల టరెట్ల మీద ఎరుపు పసుపు జెండాను దూరానికి కనిపించేలా పెద్దగా వేశారు. జెండా ఎంత పెద్దదైతే ట్యాంకు చేతులు మారిందని అంత అనుమానించాలి. సొంత ట్యాంకు మీద అంత పెద్ద జెండా వేసుకునే అవసరం ఎవరికీ ఉండదు.

టరెట్ పైన తెల్లటి రంగు మీద నల్లటి గుణకారం గుర్తు ఉంది. అది జెండానా?

విమానాల కోసం వేసిన గుర్తు. ఫ్రాంకో పక్షం విమానాల తోకల మీద కూడా తెలుపు మీద నల్లని గుణకారం గుర్తే ఉండేది. పైనుంచి చూసే పైలట్ తన పక్షం ట్యాంకు మీద బాంబు వేయకుండా టరెట్ పైకప్పు మీదా అదే వేశారు. పక్క నుంచి తీసిన ఫొటోలో ఇది కనబడదు. మూత తెరిచి ఉంటే మూత పైభాగం చూడండి, అక్కడ దొరకవచ్చు.

జెండా మొత్తం నల్లగా, అక్కడక్కడ చిన్న తేడాతో ఉంది. నల్లజెండా ఎవరిది?

నిజంగా నల్లజెండా అయ్యే అవకాశం తక్కువ. ఎరుపు, నలుపు కలిసిన జెండాలు ఆ యుద్ధంలో రెండు ఉన్నాయి, అవీ బద్ధశత్రువులవి. రిపబ్లిక్ వైపున్న అరాచకవాద కార్మిక సంఘం సీఎన్‌టీ జెండాలో ఎరుపు, నలుపు ఐమూలగా విడిపోతాయి. ఫ్రాంకో వైపున్న ఫాసిస్టు పార్టీ ఫలాంజ్ జెండాలో ఎరుపు, నలుపు, ఎరుపు నిలువుపట్టీలుగా ఉండి మధ్యలో కాడి, బాణాల కట్ట ఉంటాయి. ఎరుపును పట్టని ఫిల్ము మీద రెండూ ఒకే నల్లగుడ్డ అవుతాయి. స్కాన్‌లో ముదురు భాగాన్ని మాత్రమే వెలిగించి, రంగులు విడిపోయే గీత ఐమూలగా ఉందా నిలువుగా ఉందా అని చూడండి. అంతకు మించి వెతకనక్కర్లేదు.

తెల్లజెండా మీద గరుకు అంచుల గుణకారం గుర్తు ఉంది.

కొమ్మలు నరికిన దుంగల్లా ముళ్లుముళ్లుగా ఉంటే అది బర్గండీ శిలువ, ఫ్రాంకో పక్షాన పోరాడిన రాచరికవాదులైన కార్లిస్టులది. నున్నటి గుణకారం గుర్తు మీద మళ్లీ తెల్లటి కూడిక గుర్తు ఉండి, జెండా మిగతా భాగం ముదురుగా ఉంటే ఉత్తర స్పెయిన్ లోని బాస్క్ ప్రాంతం జెండా. బాస్క్ ప్రభుత్వం రిపబ్లిక్ పక్షం. బాస్క్ నగరం బిల్బావో 1937 జూన్ 19న ఫ్రాంకో సైన్యానికి పడిపోయింది కాబట్టి ఆ జెండా ఉన్న యుద్ధరంగ ఫొటోకు తేదీ కూడా ఇంచుమించు దొరికినట్టే.

ట్యాంకు మీద యూహెచ్‌పీ అని రాసి ఉంది. ఏ దళం?

దళం పేరు కాదు. శ్రామిక సోదరులారా, ఏకం కండి అనే అర్థమిచ్చే స్పానిష్ నినాదంలోని మొదటి అక్షరాలు. రిపబ్లిక్ పక్షం వారు, ముఖ్యంగా లారీలకు ఇనుప రేకులు బిగించి చేసుకున్న కవచ వాహనాల మీద రాసుకునేవారు.

## స్పెయిన్ కాదేమో అనిపించినప్పుడు

టీ-26 మీద స్వస్తిక ఉంది. జర్మన్లు పట్టుకున్నదా?

ముందు ఫిన్లాండ్‌ను తలచుకోండి. 1939–1940 శీతాకాల యుద్ధంలో ఫిన్లాండ్ సోవియట్ల నుంచి చాలా టీ-26లను పట్టుకుని సొంతం చేసుకుంది. 1941 నుంచి 1945 వరకు వారి ట్యాంకుల మీద ఉన్న గుర్తు పొట్టి చేతులతో నిటారుగా నిలబడిన స్వస్తిక. నాజీల గుర్తు సాధారణంగా ఐమూలగా వాలి ఉంటుంది. ఫిన్లాండ్ వైమానిక దళం ఈ గుర్తును 1918లోనే తీసుకుంది, అప్పటికి నాజీ పార్టీ ఇంకా పుట్టలేదు.

టరెట్ మీద కిరణాల సూర్యుడు ఉన్నాడు. జపాన్‌దా?

పన్నెండు కోణాల తెల్ల సూర్యుడైతే చైనా జాతీయ ప్రభుత్వానిది. 1938లో సోవియట్ యూనియన్ చైనాకు కూడా టీ-26లు పంపింది. 1939 చివర కున్‌లున్ కనుమ దగ్గర జపాన్ సైన్యం మీద జరిగిన పోరులో అవి పాల్గొన్నాయి.

జెండా మధ్యలో గుండ్రటి కన్నం ఉంది. గుండు తగిలిందా?

కాదు, కత్తిరించారు. అడ్డపట్టీలైతే 1956, హంగరీ రాజధాని బుడాపెస్ట్. సోవియట్ తరహా ప్రభుత్వ చిహ్నాన్ని తిరుగుబాటుదారులు జెండా నుంచి కోసి పారేశారు. నిలువుపట్టీలైతే 1989 డిసెంబరు, రుమేనియా. రెండు చోట్లా ట్యాంకులు ఎక్కిన జనం చేతుల్లో ఆ కన్నం జెండా కనిపిస్తుంది. అంచులు గమనించండి. వంకరటింకరగా ఉంటాయి, ఇంట్లో కత్తెరతో తొందరగా కోసినవి.

జెండా కర్రకు లేదు, ట్యాంకు వెనక భాగం మీద దుప్పటిలా పరిచి ఉంది.

విమానాలకు గుర్తు. 1940లో ఫ్రాన్స్ మీద, 1941లో సోవియట్ యూనియన్ మీద దండెత్తిన జర్మన్ ట్యాంకులు తమ జెండాను ఇంజను మీద ఇలాగే పరిచేవి. 1944–1945లో అమెరికన్లు మెరిసే రంగుల పలకగుడ్డలు పరిచారు. వాటి మీద బొమ్మ ఏదీ ఉండదు, జెండా అనుకుని దేశం వెతకకండి.

మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన ఫొటో. ట్యాంకు మీద త్రికోణం ఉంది. ఇదీ స్పెయిన్‌దేనా?

మన ఇళ్లలో దొరికే ట్యాంకు ఫొటో స్పెయిన్‌ది అయ్యే అవకాశం చాలా తక్కువ. ముందు బర్మా, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రంగాలను చూడండి. బ్రిటిష్, భారత ట్యాంకు రెజిమెంట్లలో త్రికోణం ఏ-స్క్వాడ్రన్, చతురస్రం బీ, వృత్తం సీ, డైమండ్ ఆకారం ప్రధాన కార్యాలయం. హైదరాబాద్ నిజాం సేవలో మొదలైన అశ్వికదళాల వారసత్వం ఉన్న దక్కన్ హార్స్ రెజిమెంటు 1945లో షెర్మన్ ట్యాంకులతో బర్మాలోని మెయిక్టీలా దాకా వెళ్లింది. తాతగారి సర్వీసు పుస్తకంలో రెజిమెంటు పేరు దొరికితే ఫొటోలోని గుర్తుతో పోల్చి చూడండి.

## తేల్చి రాసేటప్పుడు

ఖాయంగా తెలియనప్పుడు ఫొటో కింద ఏమని రాయాలి?

కనిపించేది ఒక వాక్యం, ఊహించేది మరో వాక్యం. ఉదాహరణకు: "టీ-26 ట్యాంకు. టరెట్ మీద మూడు అడ్డపట్టీలు, మధ్యది మొత్తంలో సగం వెడల్పు. ఫ్రాంకో పక్షానికి పట్టుబడిన ట్యాంకు కావచ్చు." ఇలా రాస్తే రేపు ఎవరైనా మీ ఊహను సరిదిద్దగలరు, మీ కొలతను వాడుకోగలరు. "ఫ్రాంకో ట్యాంకు, బ్రునేతె, 1937" అని ఒక్క ముక్కలో రాస్తే అందులో ఏది చూసినది, ఏది అనుకున్నది అని విడదీయడం ఎవరివల్లా కాదు.

ఫొటో ఎవరు తీశారో తెలుసుకుంటే జెండా విషయంలో ఏమైనా ఉపయోగమా?

చాలా ఉపయోగం. ఒక్క ఫొటోలో ముడుచుకున్న జెండా అదే రీలులోని పక్క ఫొటోలో విచ్చుకుని ఉండవచ్చు. రాబర్ట్ కాపా, గెర్డా టారో, చిమ్ అనే పేరుతో పిలిచే డేవిడ్ సైమూర్ స్పెయిన్‌లో తీసిన దాదాపు 4,500 నెగెటివ్‌లు ఏళ్ల తరబడి కనబడకుండా పోయి, మెక్సికో సిటీలో బయటపడి 2007లో న్యూయార్క్‌లోని అంతర్జాతీయ ఫొటోగ్రఫీ కేంద్రానికి చేరాయి. అంతవరకు విడివిడి ప్రింట్లుగా తెలిసిన దృశ్యాలకు ముందూ వెనకా ఏముందో అప్పుడు వరుసగా చూడగలిగారు.

మీ ఫొటో ఏ రీలులోదో తెలిస్తే దాని ఇరుగుపొరుగు ఫొటోల కోసం అడగండి. మాడ్రిడ్ సమీపంలోని యుద్ధరంగం బ్రునేతె దగ్గర 1937 జూలై 25 నాటి ఫొటో అనుకుంటే టారో పేరు తప్పక వెతకండి. ఆ రోజు వెనక్కి తగ్గుతున్న రిపబ్లిక్ సైన్యంతో పాటు ఆమె ఒక కారు ఫుట్‌బోర్డు మీద వస్తుండగా రిపబ్లిక్ ట్యాంకే ఢీకొంది. మర్నాడు ఆమె చనిపోయింది. అప్పటికి వయసు ఇరవై ఆరేళ్లు.